కేసుల దర్యాప్తు చేస్తున్న పోలీసు భర్తను బదిలీ అడగమనడం న్యాయమేనా?

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక గృహిణి):

అందరికీ నమస్కారం. మా వారు ఇక్కడ సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఎస్సైగా చేరి 21 ఏళ్లు దాటింది. ప్రస్తుతం ఆయన చేతిలో రెండు హత్య కేసులు, ఒక పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు, రేణిగుంట రోడ్డు వైపు వరుసగా జరిగిన ఇళ్ల దొంగతనాలు ఉన్నాయి. వీటికి తోడు పాత కేసుల వాయిదాలు. రుయా ఆసుపత్రిలో శవ పంచనామా ముగించి వచ్చిన రాత్రి ఆయన నేరుగా లోపలికి రారు. పెరట్లో కొళాయి కింద స్నానం చేసి, చొక్కా అక్కడే తడిపి, ఆ తరువాతే గడప దాటుతారు. సంగటి ముద్దలో పులుసుకు గుంట చేసుకుంటూనే ఫోను వైపు చూస్తుంటారు. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఏదో చెప్పాలని ఎదురుగా కూర్చుని, చెప్పకుండానే లేచిపోతుంది. కల్యాణి డ్యాం దగ్గరి పోలీసు శిక్షణ కళాశాలకు బదిలీ అడగండని ఆయనతో అనాలని ఉంది. కానీ దర్యాప్తు ఆయనకు ప్రాణం. ఆ మాట ఆయనను నొప్పిస్తుందా?

జవాబు (పదవీ విరమణ చేసిన డీఎస్పీ, చిత్తూరు):

అమ్మా, 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షను పోలీసు అధికారిని ఎల్లవేళలా విధుల్లో ఉన్నట్టే భావిస్తుంది. మా తరం ఇంట్లో కూడా అలాగే బతికింది, అది మేము చేసిన తప్పు. మీవారి చూపు ఫోను మీద ఉన్నా, మనసులో నడిచేది రోజుల లెక్క. హత్య వంటి కేసుల్లో నిందితుడిని రిమాండుకు పంపిన నాటి నుంచి 90 రోజుల్లో, శిక్ష తక్కువ ఉన్న కేసుల్లో 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ కొండ మీద బందోబస్తులో నిలబడినా ఆ లెక్క ఆగదు. ఒకసారి నా కేసులో పరీక్షల రిపోర్టు కోసం ఎదురుచూస్తూ గడువు దాటించాను. నిందితుడు బయటికి వచ్చిన రోజు మృతుడి తల్లి స్టేషను మెట్ల మీద కూర్చుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరువలేదు.

ఆ తరువాత ఒక పొడుగు నోటు పుస్తకంలో కేసుకొక పేజీ పెట్టి, రిమాండు తేదీ, ఆఖరి రోజు, ఇంకా రావలసిన పోస్టుమార్టం, ల్యాబు రిపోర్టులు రాసి, రాత్రి స్టేషనులోనే మూసి వచ్చేవాణ్ణి. కాగితం మీదికి ఎక్కిన భారం అన్నం దగ్గరికి రాలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టంలో (బీఎన్‌ఎస్‌ఎస్) సోదాలను వీడియో తీయాలి, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి. ఆ ఏర్పాట్లను చురుకైన ఎస్సైకి అప్పగించమనండి.

జవాబు (క్రిమినల్ న్యాయవాది, తిరుపతి):

బదిలీ అడగడంలో తప్పు లేదు, కానీ సమయం చూసి అడగాలి. పోక్సో కేసులో దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలని చట్టం చెబుతోంది. మధ్యలో అధికారి మారితే కొత్తవారు ఫైలు చదువుకోవడానికే కొన్ని రోజులు పోతాయి, రేపు కోర్టులో ఇద్దరినీ సాక్షులుగా పిలుస్తారు. పైగా కల్యాణి డ్యాంకు వెళ్లినా పాత కేసుల సమన్లు ఆయన వెంటే వస్తాయి. బదిలీతో అన్నీ తీరిపోతాయని మాత్రం అనుకోకండి.

జవాబు (ఒక సీఐ కుమార్తె, చిత్తూరు):

అక్కా, మా నాన్న రాత్రి ఎన్ని గంటలకు వచ్చినా తెల్లవారి తన గోధుమరంగు బూట్ల పక్కన నా నల్ల బూట్లు పెట్టుకుని రెండింటికీ తానే పాలిష్ చేసేవారు. ఆ పది నిమిషాలు నేను మెట్టు మీద కూర్చుని బడి సంగతులన్నీ చెప్పేదాన్ని. నాకు కావలసిన నాన్న ఆ పది నిమిషాల్లో దొరికారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. పోక్సో కేసు గడువుకు ఇంకా 19 రోజులు ఉందని నిన్న రాత్రి నేనే అడిగి తెలుసుకున్నాను. ఆ చార్జిషీటు పడేదాకా బదిలీ మాట ఎత్తను. డీఎస్పీ గారు చెప్పినట్టు ఈ సాయంత్రమే ఒక పొడుగు నోటు పుస్తకం కొని తెస్తాను. అమ్మాయి బూట్లు రేపటి నుంచి ఆయన బూట్ల పక్కనే ఉంటాయి.