సమస్య: “కలువని యిరువురి గళములు కలిసెను పాటన్”

నిర్వహణ:
ఈసారి వస్తువు యుగళ ప్రేమగీతం. ఇద్దరు గాయకులు కలిసి చేసే నెమ్మది పాట ఎలా తయారవుతుందో, జనం దాన్ని ఎలా అందుకుంటారో పూరణలో కనిపించాలి. వెన్నెల, విరహం అని నాలుగు మాటలు పేర్చి సరిపెట్టవద్దు. పాట పనిలో నిజంగా జరిగేది ఒక్కటైనా పద్యంలో ఉండాలి.

సమస్య కందపాదం. చివరి “పాటన్” తప్ప అన్నీ లఘువులే. ముందరి పాదంతో కలిపి లెక్కిస్తే ఆరో గణం “గళములు” నల (నాలుగు లఘువులు) కాబట్టి నియమం తీరింది. యతి “క – క”. ప్రాసాక్షరం ల. మీ నాలుగు పాదాలూ లఘువుతోనే మొదలవాలి. మెలిక అంతా “కలువని” అన్న మాటలో ఉంది. ఎందుకు కలవలేదో, అయినా ఎలా కలిశారో మూడు పాదాల్లో చెప్పగలిగితేనే సమస్య తీరినట్టు.

మేఘరంజని:
నా పూరణ.

పలు దూరపు నగరంబుల
నిలిచియు నొక తాళగతిని నేర్పుగఁ బాడన్
వలపుల పల్లవి యొక్కటె
కలువని యిరువురి గళములు కలిసెను పాటన్

ఖండగతి:
మేఘరంజని గారూ, గణాలు, యతిప్రాసలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. “ఒక తాళగతి” అనడం కీలకం పట్టుకున్నట్టే. అయితే పాడేది ఇద్దరే కదండీ, “పలు నగరాలు” ఎందుకు? పైగా ఒకరు ఆమె, ఒకరు అతడు అన్న సంగతి పద్యంలో లేదు. ఈ మార్పు చూడండి:

చెలి యొక యూరను సఖుఁ డొక
తలమున నొక తాళగతినిఁ దాల్మినిఁ బాడన్
వలపుల పల్లవి యొక్కటె
కలువని యిరువురి గళములు కలిసెను పాటన్

“తాల్మి” యతి కోసం తెచ్చినది కాదు. ఇలాంటి పాటలు నిమిషానికి 60–80 బీట్ల మధ్య నడుస్తాయి. 72 అనుకుంటే ఒక్కో బీటు 0.83 సెకను. అంత ఖాళీ ఉన్నచోట గాయకుడు తెలియకుండానే ముందుకు జరుగుతాడు. ఎదురుగా మనిషి ఉంటే కళ్లతో సర్దుకుంటారు. వేర్వేరు ఊళ్లలో ఉన్నప్పుడు చెవిలో వినిపించే క్లిక్కే (బీటు బీటుకీ కొట్టే టిక్కు) గురువు. ద్రుతం (పదం చివర చేరే నకారం) మీద త దకారమైంది. త–ద యతి చెల్లుతుంది.

స్వరలిపి:
ఒక మాట. ఇద్దరూ నెట్‌లో ఒకేసారి పాడినట్టు కూడా ఈ పద్యాన్ని చదువుకోవచ్చు. అది సాధారణంగా కుదిరే పని కాదు. గాలిలో శబ్దం మీటరు దూరానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంటే 30 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే పది మీటర్ల అవతల నిలబడి పాడినట్టే. అది దాటాక ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఇద్దరూ నెమ్మదిస్తారు. అందుకే వింటూ పాడటానికి వాడే ఒకే గైడ్ ట్రాక్‌ను ఇద్దరికీ పంపి, ఎవరికి వారు విడిగా పాడించి తెప్పించుకుంటారు.

తంత్రి:
స్వరలిపి గారు చెప్పిన దగ్గరే నా పూరణ మొదలవుతుంది.

నలుబది యెనిమిది వేలని
తెలిపిన రేటున నిరువురు తెచ్చిన ఫైళ్లను
నిలిపిన నొక సున్నకడను
కలువని యిరువురి గళములు కలిసెను పాటన్

నిర్వహణ:
తంత్రి గారూ, పూరణ చాలా బాగుంది. శాంపుల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) కందంలో ఇంత సాఫీగా ఇమిడిందంటే మెచ్చుకోవాలి. రెండో పాదం చివర గణదోషం ఉంది. ఎనిమిదో గణం గురువుతో ముగియాలి, “ఫైళ్లను” భగణం (గురువు తర్వాత రెండు లఘువులు). “తెచ్చిన ఫైళ్లన్” అంటే గగ (రెండు గురువులు) అవుతుంది, అర్థం చెడదు.

తంత్రి:
ధన్యవాదాలండి. సవరించిన పాదం: “తెలిపిన రేటున నిరువురు తెచ్చిన ఫైళ్లన్”.

ఖండగతి:
ఈ పద్యంలో రెండు సంగతులున్నాయి, రెండూ విడమరచి చెప్పాల్సినవే. మొదటిది రేటు. ఒకరు 44,100లో పాడి పంపిన ఫైలును 48,000 అనుకుని నడిపిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర అర్ధస్వరం పైకి పోతుంది, నిడివి 8 శాతం తగ్గుతుంది. 4 నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోతుంది. ఇంత తేడా వస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇబ్బందల్లా, ఫైలు తప్పిందని తోచక గాయని శ్రుతి తప్పిందనుకుని పిచ్ దిద్దడం మొదలుపెట్టినప్పుడే.

రెండోది “సున్నకడ”, అంటే ఫైళ్లన్నీ మొదలయ్యే సున్నా క్షణం. ఆమె రెండో చరణంలోనే పాడుతుంది కదా అని ఆ ముక్క మాత్రం కత్తిరించి పంపితే, దాన్ని ఎక్కడ పెట్టాలో చెవితో వెతుక్కోవాలి. నిశ్శబ్దంతో సహా పాట మొదటి నుంచీ ఒకే నిడివిగా, 24 బిట్ల మోనో వేవ్ ఫైలుగా, రివర్బ్ (కృత్రిమంగా చేర్చే మారుమోగు) లేకుండా పంపితే లాగి సున్న దగ్గర వదలడమే. గైడ్ ట్రాక్ కూడా వేవ్‌గానే వెళ్లాలి. ఎంపీ3గా మార్చితే ముందు కొన్ని పదుల మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది. దాన్ని వింటూ పాడిన గొంతు మొత్తం పాటంతా అంత వెనకబడి వస్తుంది.

వెన్నెలవాడ:
నేను శ్రుతి మీద రాశాను.

తెలిసి యిరువురి పరిమితులు
మలచి నడుమ శ్రుతిని గీతి మార్దవ మొప్పన్
గళమున మూడవ మెట్టునఁ
గలువని యిరువురి గళములు కలిసెను పాటన్

మేఘరంజని:
మంచి భావం. “నడుమ శ్రుతి”లో మ లఘువే. తెలుగు మాట మీద సంయుక్తాక్షరంతో సంస్కృతపదం వచ్చినా ముందరి అక్షరం గురువు కానక్కరలేదు. “పరిమితులు తెలిసి” దగ్గర జడానికి ద్వితీయ బదులు ప్రథమ వాడారు, చెల్లుతుంది. మూడో పాదమే బాగాలేదు. ప్రాస ల అయితే మీరు ళ వేశారు. ల–ళలకు అభేదం ఒప్పుకున్నవారున్నారు గానీ, “గళము” సమస్యలోనే ఉంది, పునరుక్తి ఎందుకు? “నిలుపఁగ మూడవ మెట్టునఁ” అంటే రెండు చిక్కులూ పోతాయి, క్రియ కూడా దొరుకుతుంది.

స్వరలిపి:
వెన్నెలవాడ గారి పద్యం ఈ పూటకు నాకు బాగా నచ్చినది. యుగళగీతం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మన లెక్కలో చెప్పాలంటే మగ గొంతుకు సాధారణంగా 1 శ్రుతి, ఆడ గొంతుకు 5 లేదా 5½ (1 అంటే C, 5 అంటే G). మధ్య దూరం ఏడు అర్ధస్వరాలు. అతడి 1లో ఆమె పాడితే పల్లవి గొణుగుడవుతుంది, లేదా పై స్థాయిలో అరుపవుతుంది. ఆమె 5లో అతడు పాడితే చరణం చివర గొంతు పగులుతుంది. 2½, 3 దగ్గర పెట్టడం “నడుమ శ్రుతి”. ఇద్దరికీ కాస్త ఇబ్బందే గానీ ఇద్దరూ గట్టెక్కుతారు. ఇంకో దారి, అతడి చరణం ఒక శ్రుతిలో, ఆమెది మరో శ్రుతిలో కట్టి మధ్య వాద్యభాగంలో శ్రుతి మార్చడం. అప్పుడు ఇద్దరూ కలిసే పల్లవి ఎవరి శ్రుతిలో ఉండాలన్న ప్రశ్న మళ్లీ వస్తుంది.

“మూడవ మెట్టు” మాటకొస్తే, అంటే ఒకరి స్వరానికి మూడో స్వరంలో రెండోవారి గొంతు ఉంచడం, దీన్ని యంత్రానికి వదిలేయకూడదు. శంకరాభరణ స్వరాల్లో స, మ, ప ల మీద మూడో స్వరం నాలుగు అర్ధస్వరాల దూరంలో ఉంటుంది; రి, గ, ద, ని ల మీద మూడే. పాటంతా నాలుగేసి జరిపితే సగానికి పైగా చోట్ల రాగంలో లేని స్వరం పలుకుతుంది. అన్నీ జరిపాక “ఏదో తేడాగా ఉంది” అనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే.

ఖండగతి:
నా పూరణ. ఇది జరిగిన విషయం.

తెలియకయె యొకే శ్రుతిలో
పలికిరి విడివిడిగ నొక్క పాటను వారల్
కలిపె నొకఁడు రేడియొలో
కలువని యిరువురి గళములు కలిసెను పాటన్

1978లో అమెరికాలోని లూయీవిల్ రేడియోలో జరిగింది. గాయకుడు నీల్ డైమండ్, గాయని బార్బ్రా స్ట్రైసాండ్ ఒకే పాటను ఎవరికి వారు రికార్డు చేశారు. రెండూ ఒకే శ్రుతిలో ఉండటంతో అక్కడి ఉద్యోగి ఒకరు రెండు రికార్డుల ముక్కలు అతికి యుగళగీతంగా వినిపించారు. జనం అదే కావాలని అడగడంతో ఇద్దరూ కలిసి నిజంగా పాడారు. అది ఆ ఏడాదే బిల్‌బోర్డ్ హాట్ 100 అనే అమెరికా పాటల జనాదరణ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది.

నిర్వహణ:
ఇతివృత్తం సమస్యకు కొలిచి కుట్టినట్టుంది. కానీ “కలువని” అన్నదానికి పట్టు చాలదు. వాళ్లిద్దరూ బ్రూక్లిన్‌లో ఒకే హైస్కూల్లో చదివినవారు. రికార్డింగులో కలువని అని అన్వయించుకోవాలి. “విడివిడిగ” ఉంది కాబట్టి ఒప్పుకుంటున్నాను. మొదటి పాదంలో “యొకే శ్రుతి” అన్నది మాత్రం వదలకండి, పద్యానికి ప్రాణం అదే. శ్రుతి ఒకటి కాకపోతే ఆ రోజుల్లో టేపు వేగం మార్చి సరిచేయాలి. వేగం మారితే తాళమూ మారుతుంది.

మేఘరంజని:
ఆ వరుసలోనే మరొకటి.

తొలినాఁటి తండ్రి పాటకు
నలుబది యేండ్లకుఁ దనయయె నాదముఁ గూర్ప
న్నలనాఁటి టేపు సాక్షిగఁ
గలువని యిరువురి గళములు కలిసెను పాటన్

అమెరికా గాయకుడు నాట్ కింగ్ కోల్ 1951లో పాడిన పాట. ఆయన 1965లో పోయారు. 1991లో కూతురు నటాలీ కోల్ గొంతు చేరి యుగళగీతమైంది.

తంత్రి:
“గూర్ప న్నలనాఁటి” అని పాదం అచ్చుతో మొదలుకాకుండా చూసుకున్నారు, బాగుంది. తండ్రీకూతుళ్లు “కలువని”వారు కాదన్న ఆక్షేపణ ఉన్నా “టేపు సాక్షిగ” దాన్ని చాలావరకు తీర్చింది. పనిలో కష్టం ఒకటి పద్యంలోకి రాలేదు. పాత టేపుకు క్లిక్ ఉండదు. గాయకుడు మాట సాగదీసిన చోట వాద్యమూ సాగుతుంది. బార్ బార్‌కీ (నాలుగు బీట్లకో బార్) వేగం గుర్తించి గీతలు గీసి, ఆ గీతల మీద కొత్త గొంతు పాడించాలి. పాత గొంతును గీతల్లోకి లాగితే ఊపిరి తీసే చోట్లు చెడిపోతాయి.

వెన్నెలవాడ:
ఇంతవరకూ తయారీయే. ఆదరణ మీద ఒకటి:

వెలితిగ నొక చరణము విడఁ
దొలి శ్రోత యొకండు దాని తోడుగఁ బాడన్
చెలికానిఁ జూడకుండనె
కలువని యిరువురి గళములు కలిసెను పాటన్

స్వరలిపి:
“కలువని” ఇక్కడ పూర్తిగా అతికింది. అన్ని పూరణల్లోనూ అక్షరాలా కలవనివారు వీళ్లే. ఒక చరణం ఖాళీగా వదిలి శ్రోతను పాడమనడం ఇప్పుడు పాట పాకే దారుల్లో బలమైనది. ఆ ఖాళీ ఎనిమిది బార్లకు మించితే ఎవరూ పూర్తిగా పాడరు. 72 వేగంలో ఎనిమిది బార్లంటే 27 సెకన్లు. వెనక వాద్యం పలచగా ఉండాలి, ప్రధాన గొంతు నీడ కూడా వినిపించకూడదు.

ఖండగతి:
ఆదరణలో మరో లెక్క. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక వినికిడి. నాలుగు బార్ల ఆరంభవాద్యం 13 సెకన్లు, ఎనిమిది బార్ల మొదటి చరణం 27 సెకన్లు అయితే రెండో గొంతు 40 సెకన్లకు గానీ రాదు. ఆమె కోసం వచ్చిన శ్రోత అప్పటికే దాటిపోతాడు. రెండు బార్ల ఆరంభం, నాలుగు బార్లకు ఒకరు చొప్పున మాటకు మాటగా రాస్తే 20 సెకన్లకే ఆమె వినిపిస్తుంది. సాహిత్యం కూడా బాగుపడుతుంది. చరణం చొప్పున పంచుకున్న పాటలో ఇద్దరూ చెరో సోలో పాడుతున్నట్టుంటుంది, విమర్శకులు మొదట పట్టేది అదే. ఇక ఇద్దరి పేర్లూ ప్రధాన గాయకులుగానే నమోదు చేయాలి. రచన వాటాలు నూటికి నూరూ తేల్చి, విడుదలకు ముందే సంతకాలు తీసుకోవాలి. పాట ఆడాక ఈ మాట ఎత్తితే స్నేహాలు మిగలవు.

తంత్రి:
చివరి పూరణ. మిక్సింగులో ఎదురయ్యేది.

పలుకుల కొసలను హల్లును
నిలిపె నతఁడు విడిచె నామె నేర్పుగ నపుడే
తొలఁగఁగ నా చిటపట రొద
కలువని యిరువురి గళములు కలిసెను పాటన్

నిర్వహణ:
పద్యం నిర్దుష్టం. భావంలోనే ఒక సందేహం. పలుకు కొసన హల్లు ఉండే భాషలకు ఇది సరిపోతుంది. తెలుగు పాటలో పలుకు దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది. ఇద్దరూ కలిసి పాడేటప్పుడు “ప్రేమ”లో ప్ర, “కన్ను”లో క, “పట్టు”లో ట్ట రెండేసిసార్లు తగులుతాయి. అంటే రొద మొదట్లో, నడుమ ఉంటుంది. “పలుకుల మొదలను హల్లును” అంటే గణాలు మారవు.

తంత్రి:
అవునండి, అలాగే మారుస్తున్నాను.

పలుకుల మొదలను హల్లును
నిలిపె నతఁడు విడిచె నామె నేర్పుగ నపుడే
తొలఁగఁగ నా చిటపట రొద
కలువని యిరువురి గళములు కలిసెను పాటన్

స్వరలిపి:
ఇప్పుడు పనికీ సరిపోయింది. పాడేటప్పుడే పై గొంతువారిని హల్లు మెత్తగా అనమని చెబితే సగం పని తప్పుతుంది. చెప్పకపోతే మిక్సింగులో ఒక్కో మాట దగ్గరా రెండో గొంతు హల్లును తగ్గించుకుంటూ పోవాలి. స, శ, ష ల దగ్గర ఇంకా తగ్గించాలి, రెండు గొంతుల బుస ఒకచోట చేరితే చెవికి గుచ్చుకుంటుంది. అచ్చుల జోలికి మాత్రం వెళ్లకండి. అవి 20 మిల్లీసెకన్లు అటూ ఇటూ ఉన్నా ఇద్దరు మనుషులు పాడుతున్నట్టే వినిపిస్తుంది. పూర్తిగా ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒకే గొంతును నకలు తీసినట్టవుతుంది.

నిర్వహణ:
పూరణలు ఇంకా పంపవచ్చు. కందంలోనే ఉండాలి, “కలువని”కి కారణం పద్యంలోనే ఉండాలి. శ్రుతి మార్చే చోటు మీద ఇంతవరకు ఎవరూ రాయలేదు.