బియ్యం బస్తా 25 కేజీల నుంచి 26 ఎందుకయింది? 10 కేజీల ప్యాకెట్ మీద పన్ను ఎందుకు?

తెనాలి కుర్రాడు

డౌట్ చిన్నదే కానీ వారం నుంచి బుర్రలో తిరుగుతోంది. మేం హైదరాబాద్‌లో ఇద్దరమే ఉంటాం. బస్తా తెస్తే పురుగు పడుతుందని ఎప్పటికప్పుడు 10 కేజీల ప్యాకెట్ తెచ్చుకుంటాం. మొన్న సూపర్‌మార్కెట్ బిల్లు పారేయబోతూ ఎందుకో ఒకసారి చూశాను. సోనా మసూరి 10 కేజీలు, రూ. 640. దాని కింద చిన్న అక్షరాల్లో సీజీఎస్టీ 15.24, ఎస్‌జీఎస్టీ 15.24. అంటే తినే బియ్యం మీద 30 రూపాయల పైచిలుకు పన్ను కట్టానన్నమాట.

అదే రోజు అమ్మకు ఫోన్ చేస్తే ఇంట్లో బస్తా వేయించామని చెప్పింది. 26 కేజీలు, 1,560. కేజీ 60 పడింది. నాకేమో 64. సరే, బిల్లు ఫొటో పెట్టమన్నాను. చిత్తు కాగితం మీద రాసిచ్చిన చీటీ అనుకున్నా గానీ శుభ్రంగా కంప్యూటర్ బిల్లే, జీఎస్టీ గడిలో మాత్రం సున్నా ఉంది.

రెండూ బియ్యమే కదా, ఒకదానికి పన్ను ఉండి ఇంకోదానికి ఎందుకు లేదు? అసలీ 26 ఏంటి, నా చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద వేసుకొచ్చినవన్నీ 25 కేజీల బస్తాలే. "పోనీలే, ఒక కేజీ ఎక్కువ ఇస్తున్నారు" అని అమ్మ సంతోషం. "ఊరికే ఎవడిస్తాడే, ఇందులో ఏదో మతలబు ఉంది" అని నాన్న. ఇంకో మాట, ఒకేసారి 1,560 పెట్టగలిగినవాళ్లకు పన్ను లేదు, 640 పెట్టి కొనుక్కునేవాడికి ఉంది. ఇదేం లెక్క? తెలిసినవాళ్లు చెప్పండి.

పద్దుల పంతులు

మీ అమ్మగారు అనుకుంటున్నట్టు అది ఫ్రీ కేజీ కాదు, 26 కేజీలకూ డబ్బు తీసుకునే ఇచ్చారు. మతలబు ఉందన్న మీ నాన్నగారి మాట మాత్రం సగం నిజం. మతలబు బస్తాలో కాదు, రూల్‌లో ఉంది.

నేను జీఎస్టీ రిటర్నులు వేసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బియ్యానికి పన్ను పెట్టింది బ్రాండును బట్టి. రిజిస్టర్డ్ బ్రాండు పేరుతో ప్యాక్ చేసి అమ్మితే 5 శాతం, లేకపోతే లేదు. ఇంకేముంది, కొందరు మిల్లర్లు ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్లు రద్దు చేసుకోవడం మొదలుపెట్టారు. సంచి మీద నెమలి బొమ్మ నెమలి బొమ్మలాగే ఉంటుంది, కాగితాల్లో మాత్రం బ్రాండు లేదు! అదే ఏడాది సెప్టెంబర్ 9న జీఎస్టీ కౌన్సిల్ సమావేశం మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2017 మే 15 నాటికి రిజిస్టరై ఉన్న బ్రాండును ఆ తర్వాత రద్దు చేసుకున్నా బ్రాండుగానే చూస్తామని అక్కడ తేల్చారు. రిజిస్ట్రేషన్ లేని పేరు మీద కూడా హక్కు ఉంటే పన్ను కట్టాలన్నారు, "ఈ పేరు మీద నాకు ఏ హక్కూ అక్కర్లేదు" అని అఫిడవిట్ ఇచ్చి, ఆ ముక్క సంచి మీద కూడా అచ్చేస్తే మినహాయింపు అన్నారు. పాత సంచులు ఉంటే వెనక చూడండి, ఇంగ్లిష్‌లో ఒక పొడుగాటి వాక్యం కనిపించవచ్చు. అది అదే.

ఈ దొంగాట తెగేలా లేదని 2022 జులై 18 నుంచి బ్రాండు సంగతే వదిలేశారు. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసినది ఏదైనా, బ్రాండు ఉన్నా లేకపోయినా, 25 కేజీల వరకు 5 శాతం. 25 దాటితే లేదు. ఆ 25 అనేది తూనికలు కొలతల చట్టం కింద ప్యాకెట్ల రూల్స్‌లో ముందు నుంచీ ఉన్న గీత. రిటైల్‌గా ఇంటికి కొనుక్కునే ప్యాకెట్ అంతకు మించి ఉండదులే అనే ఉద్దేశంతో పెట్టింది. దాన్నే తీసుకొచ్చి జీఎస్టీకి తగిలించారు. సరిగ్గా 25 ఉంటే పన్ను పడుతుంది, 26 అయితే పడదు. మరి మిల్లువాడు ఏం చేస్తాడు? సంచి రెండంగుళాలు పెద్దది కుట్టిస్తాడు.

పాతబస్తీ చాయ్

అంటే ఇది పన్ను ఎగ్గొట్టడమే కదా మాస్టారూ. మేం జీతంలో టీడీఎస్ కట్ చేయించుకుని నోరు మూసుకుని కూర్చోవాలి, వాళ్లు మాత్రం కేజీ కలిపి తప్పించుకోవాలి. రేపు అధికారులు నోటీసులిస్తే అప్పుడు తెలుస్తుంది.

పద్దుల పంతులు

నోటీసు దేనికివ్వాలి? 25 దాటితే పన్ను లేదని రూలే చెబుతుంటే 26 కేజీలు అమ్మడం నేరం కాదు. అమ్మి బిల్లు ఇవ్వకపోతే, లేదా 25 కేజీల సంచి మీద 26 అని అచ్చేస్తే అది ఎగవేత. 2022లోనే కేంద్రం ఇచ్చిన ప్రశ్నలు జవాబుల్లో ఇది స్పష్టంగా ఉంది: 25 దాటిన ఒకే సంచి అయితే పన్ను లేదు. అదే పది 10 కేజీల ప్యాకెట్లు ఒక పెద్ద గోనెలో వేసి కుట్టి "ఇది వంద కేజీలు" అంటే కుదరదు. 2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో కౌన్సిల్ కూర్చున్నప్పుడు ఈ నిర్వచనాన్ని మళ్లీ రాయాలనుకున్నారు, అప్పుడు కూడా 25ను కదపలేదు. అంటే ఈ 26 సంగతి వాళ్లకు తెలియక కాదు.

మిల్లు గుమాస్తా

మిర్యాలగూడ దగ్గర మిల్లులో పద్దులు రాస్తాను. 2022 జులైలో మా పరిస్థితి మీకు తెలియదు. 25 అని అచ్చయిన ఖాళీ సంచులు గోడౌన్ నిండా ఉన్నాయి, హోల్‌సేల్ షాపులవాళ్లేమో 26 పంపితేనే దింపుకుంటామన్నారు. కొన్నాళ్లు 5 మీద 6 దిద్ది స్టిక్కర్లు అంటించాం, తర్వాత కొత్త అచ్చు వేయించాం. కాటా సెట్టింగ్ మార్చడం అయితే అయిదు నిమిషాల పని.

ఆ ఒక్క కేజీ మోసిందెవరో కూడా చెప్పుకోవాలి. మా దగ్గర హమాలీ రేటు బస్తాకే గానీ కేజీకి కాదు. 25 మోసినా అదే, 26 మోసినా అదే. లారీకి నాలుగొందల బస్తాలు ఎత్తితే నాలుగొందల కేజీలు ఎక్కువ మోసినట్టు. మా ముఠా మేస్త్రీ రెండు నెలలు పోట్లాడితే అప్పుడు కాస్త పెంచారు.

ఇంకొకటి, పన్ను లేదు అంటే ధరలో పన్ను అసలు లేదని కాదు. 5 శాతం కట్టి అమ్మినప్పుడు మేం సంచుల మీద, మిషన్ స్పేర్ల మీద, ప్యాకింగ్ దారం మీద కట్టిన జీఎస్టీని అందులో తగ్గించుకునేవాళ్లం. 26 కేజీల మీద పన్నే లేనప్పుడు దేంట్లో తగ్గించుకుంటాం? అది మా ఖర్చులోనే కలిసిపోతుంది, ఖర్చు బియ్యం రేటులో కలుస్తుంది. డీజిల్ అయితే జీఎస్టీలోనే లేదు, తెలంగాణలో దానిమీద వ్యాట్ 27 శాతం. ఆ లారీ కిరాయి కూడా మీ అన్నంలోనే ఉంది. బిల్లు మీద సున్నా కనిపిస్తుంది అంతే. ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లే బియ్యానికి మాత్రం ఇలా ఇరుక్కున్న పన్ను వాపసు అడగొచ్చు. ఇక్కడ తినేవాడికి ఆ సౌకర్యం లేదు.

కిరాణా బాబాయ్

ఒరే తెనాలి అబ్బాయ్, సూపర్‌మార్కెట్‌కి ఎవడు వెళ్లమన్నాడు నిన్ను? వీధి చివర కొట్టుకెళ్లి కాటా మీద తూచి ఇమ్మంటే పన్నే లేదు. నాకు రాజమండ్రిలో చిన్న కొట్టు ఉంది. 26 కేజీల బస్తా దించి, మూతి విప్పి, డబ్బాలో పోస్తాను. ఎవరికి కేజీ కావాలంటే కేజీ, అయిదంటే అయిదు, కళ్లముందు తూచి కవర్లో పోసి ఇస్తాను. లూజుగా అమ్మే బియ్యానికి, పప్పుకి, రవ్వకి పన్ను లేదు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నాం కదా అని ముందే రెండేసి కేజీలు ప్యాక్ చేసి లేబుల్ అంటించి పెట్టుకుంటేనే ఆ రూల్ కిందికి వస్తాం. మా ఆవిడకి ఈ సంగతి చెబితే "ఇదివరకు ఖాళీగా కూర్చుంటే తిట్టేవారు, ఇప్పుడు గవర్నమెంటే కూర్చోమంటోందా" అంది.

విప్పి అమ్మేవాడివి నీకు 25 అయితేనేం, 26 అయితేనేం అంటారేమో. 25 దించితే హోల్‌సేల్ వాడు 5 శాతం వేసి బిల్లిస్తాడు. నేను కాంపొజిషన్ అని చిన్న వ్యాపారులకుండే జీఎస్టీ స్కీంలో ఉన్నాను, సబ్బులు బిస్కెట్లు లాంటి పన్నున్న సరుకు అమ్మకం మీద ఒక శాతం కట్టేస్తాను, కొన్నప్పుడు కట్టింది వెనక్కి రాదు. ఆ ఒక శాతం కూడా కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. కాబట్టి మా అందరికీ 26 ముద్దు.

బీదవాళ్ల సంగతి అడిగావు. నా కొట్టుకొచ్చి రోజుకి రెండు కేజీలు తీసుకెళ్లే కూలీవాళ్ల మీద ఈ పన్ను పడదు. వాళ్లకి రేషన్ బియ్యం కూడా ఉంటుంది. బస్తా కొనేవాడి మీదా పడదు. పడేది మధ్యలో మీలాంటివాళ్ల మీద. అపార్ట్‌మెంట్ల వాళ్లు, బ్యాచిలర్స్, ఇద్దరే ఉండే ముసలివాళ్లు. ప్యాకెట్ నీట్‌గా ఉంటుందని కొనేవాళ్లు.

టొరంటో శీను

బాబాయ్, ఈ జబ్బు మన దగ్గరే అనుకోకండి. ఇక్కడ కెనడాలో డోనట్లు విడిగా ఐదు కొంటే పన్ను పడుతుంది, ఆరు కొంటే పడదు. ఆరు కొన్నవాడు ఇంటికి సరుకు తీసుకెళుతున్నాడని, ఒకటో రెండో కొన్నవాడు చిరుతిండి తింటున్నాడని వాళ్ల లెక్క. వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకడు ఐదుగురికి ఆరు డోనట్లు తెచ్చి "ఇది పన్ను కోసం" అని ఆరోది చూపించాడు, జోక్ అనుకున్నా. అక్కడ బస్తా సైజు మారింది, ఇక్కడ మా నడుం సైజు మారింది.

పాతబస్తీ చాయ్

సరే, ఎగవేత అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ అసలు ప్రశ్నకి జవాబు రాలేదు. తిండిగింజల మీద పన్ను దేనికి? 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ 18 నుంచి 5కి దించారు, ప్యాకెట్ పన్నీర్ మీద పూర్తిగా తీసేశారు. పన్నీర్ తినేవాడి మీద ఉన్న జాలి అన్నం తినేవాడి మీద లేదా?

పద్దుల పంతులు

పన్నీర్ పోలిక బాగుంది, నా దగ్గర దానికి సమాధానం లేదు. నా అభిప్రాయం అడిగితే ఆ గీత అక్కడ పెట్టడమే తప్పు. పన్ను వేయాలంటే బస్తాకీ ప్యాకెట్‌కీ ఒకేలా వేయాలి, అప్పుడు మిల్లువాడికి ఇరుక్కున్నదీ తిరిగొస్తుంది. లేదంటే మొత్తం తీసేయాలి. రెండూ చేయకపోవడానికి కారణం ఊహించుకోవచ్చు. అందరికీ వేస్తే రేపు టీవీల్లో "అన్నం మీద పన్ను" అని గోల. అందరికీ తీసేస్తే రాబడి పోతుంది. ఆ 5లో సగం రాష్ట్రానిది కూడా, అందుకే ఏ పార్టీ ప్రభుత్వమూ ఇది వదులుకుంటానని ముందుకు రాదు. జీఎస్టీ వల్ల తగ్గిన రాబడికి కేంద్రం రాష్ట్రాలకిచ్చే నష్టపరిహారం గడువు 2022 జూన్ 30తో ముగిసింది, ఈ పన్ను జులై 18న వచ్చింది. ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

తెనాలి గారూ, మీ బిల్లు లెక్క కూడా చెబుతా. మీకూ మీ అమ్మగారికీ కేజీకి 4 రూపాయలు తేడా. అందులో పన్ను 3 రూపాయల 5 పైసలు. మిగిలిన 95 పైసలు ప్యాకెట్‌కీ సూపర్‌మార్కెట్ ఏసీకీ అనుకోండి.

తెనాలి కుర్రాడు

అందరికీ థ్యాంక్స్. ముఠా మేస్త్రీ సంగతి చదివాక మాత్రం అమ్మ చెప్పే "ఒక కేజీ ఎక్కువ" మాటకి నవ్వు రావడం లేదు.

బాబాయ్, మా వీధి చివర కొట్టు తీసేసి మొబైల్ షాప్ పెట్టారు, లేకపోతే అక్కడికే వెళ్లేవాడిని. నిన్న ఎదురు ఫ్లాట్‌లో ఉండే ఖమ్మం వాళ్లతో మాట్లాడాం, వాళ్లూ ఇద్దరే. ఈ నెల నుంచి ఒక బస్తా తెచ్చి చెరి సగం పంచుకుంటున్నాం. 26 కాబట్టి 13, 13. పాత 25 అయ్యుంటే ఆ అర కేజీ దగ్గర మా ఆవిడకీ ఆ వదినగారికీ పేచీ వచ్చుండేది.

తూచడానికి కాటా లేదు, ప్రస్తుతానికి బరువు చూసుకునే బాత్రూం మిషన్ మీద బకెట్ పెట్టి తూచాం.