తాలాంకో ముసలీ... తర్వాత?

ఆమదాలవలస నుంచి: చిన్నప్పుడు తాతయ్య వల్లె వేయించిన, బలరాముడి పేర్లు చెప్పే అమరకోశ పాదం ‘తాలాంకో ముసలీ’ దగ్గర ఆగిపోతోంది. చివరి రెండక్షరాలు ఎవరికైనా గుర్తున్నాయా? నిన్న ఒక చార్జిషీటులో కత్తిపీటను ‘మారణాయుధం’ అని రాశారు. అప్పటినుంచీ ఇదే ధ్యాస.

విజయనగరం నుంచి: ‘హలీ’ అండీ. ‘నీలాంబరో రౌహిణేయస్తాలాంకో ముసలీ హలీ’. ముసలం రోకలి, హలం నాగలి. ఒకటి ఇంటిది, ఒకటి పొలానిది. బలరాముడి చేతిలో రెండూ ఆయుధాలే.

సోంపేట నుంచి: 1959 ఆయుధ చట్టం అలా అనదు. సెక్షన్ 2(1)(సి) ప్రకారం కేవలం ఇంటికీ, సేద్యానికీ చేసినవి ఆయుధాలు కావు. 2016 ఆయుధ నియమాల జాబితాలో అలుగు 9 అంగుళాల పొడవో, 2 అంగుళాల వెడల్పో దాటిన కత్తులున్నాయి, అక్కడా ఇదే మినహాయింపు. మా ఉద్దానంలో కొబ్బరికాయలు కొట్టే కత్తి, పిడి అంతా జిగురుతో నల్లబడి, ఆ కొలత దాటే ఉంటుంది. లైసెన్సు అక్కర్లేదు. దాంతో మనిషిని గాయపరిస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 118 పడుతుంది. అక్కడ చూసేది దాన్ని దేనికి వాడారనే. మీ కత్తిపీట సంగతీ అంతే.

ఆమదాలవలస నుంచి: మన నాగావళి నది కూడా బలరాముడి నాగటిచాలే కదా! అందుకే దానికి ‘లాంగుల్య’ అని ఇంకో పేరు.

రాజాం నుంచి: ‘లాంగల్య’ అనాలి. లాంగలం నాగలి, లాంగూలం తోక. ‘గు’ పడితే అర్థమే మారిపోతుంది.

విజయనగరం నుంచి: మారనివ్వండి. నది మెలికలు చూడండి, తోకలాగే ఉంటుంది. నాగావళిలో పాము కూడా ఉంది.

రాజాం నుంచి: మెలికలు తిరగని నది ఏది? స్థలపురాణం నాగలి చుట్టూ తిరుగుతుంటే తోక ఎక్కడిది? ‘నాగావళి’లోనూ నాగలే ఉందని నా నమ్మకం.

సోంపేట నుంచి: నాగలి అంటే నాకు పోతన గారే. ‘హాలికులైన నేమి’ దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ హాలికుడూ ఈ హలీ ఇద్దరూ ‘హలం’ నుంచి వచ్చినవాళ్లే.

విజయనగరం నుంచి: ఆ పద్యం భాగవతంలో లేదు, జనం నోట నిలిచిన విడి పద్యం, చాటువు. పోతన గారిదేనని ఎలా అంటాం?

సోంపేట నుంచి: ఆ గొంతు ఇంకెవరిదండీ?

రాజాం నుంచి: ముందు నా ‘గ’ సంగతి తేల్చండి. సోమవారం శ్రీకాకుళం కోటేశ్వరస్వామి గుడికి వెళ్తున్నాను. సంకల్పంలో నది పేరు ఎలా పలుకుతారో దగ్గర నిలబడి వింటాను.