స్కేటింగ్ చేసే మా అమ్మాయి ఐస్ హాకీ కూడా ఆడతానంటోంది

ప్రశ్న: మేం మిన్నెసోటాలో ఉంటాం. మా అమ్మాయికి 12 ఏళ్లు, ఐదేళ్లుగా ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. 2005లో వచ్చిన డిస్నీ ఛానల్ సినిమా ‘గో ఫిగర్’ చూసినప్పటి నుంచి హాకీ కూడా ఆడతానని ఒకటే పట్టు. అందులో హీరోయిన్ కేటలిన్ మంచి కోచ్ దగ్గర స్కేటింగ్ నేర్చుకోవడం కోసమే హాకీ స్కాలర్‌షిప్ మీద స్కూల్లో చేరుతుంది కదా! నిజంగా రెండూ కుదురుతాయా? నాకు దెబ్బల గురించే టెన్షన్.

జవాబు 1: కుదురుతాయి అక్కా, మా పాప మూడేళ్లు రెండూ చేసింది. బూట్లు మాత్రం విడిగా కొనండి. ఫిగర్ బ్లేడుకు ముందు భాగంలో పళ్లుంటాయి, హాకీ బ్లేడుకు ఉండవు. పాత అలవాటుతో మునివేళ్ల మీద ఆనుకోబోయి మా పాప మొదటి వారమంతా బోర్లా పడుతూనే ఉంది! హెల్మెట్, ప్యాడ్లు ఉన్నాయి కాబట్టి దెబ్బలేం తగల్లేదు. వెనక్కి స్కేట్ చేయడంలో మాత్రం టీమ్‌లో తనే ముందు.

జవాబు 2: అమ్మాయిల హాకీలో బాడీ చెకింగ్ (ఒంటితో గుద్ది అడ్డుకోవడం) చేస్తే పెనాల్టీ వేస్తారండి, మరీ భయపడకండి. ఆ సినిమాలో 1992 ఒలింపిక్ ఫిగర్ స్కేటింగ్ స్వర్ణ విజేత క్రిస్టీ యమగూచి కూడా కనిపిస్తుంది, ఆ సీన్ నాకెంత ఇష్టమో!

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ చెల్లీ. శనివారమే బూట్లు కొనడానికి వెళ్తున్నాం.