బెట్టకూ చౌడుకూ కలిపి ఒక్క జన్యువు చాలా?

నారుమడి:
2025 మేలో ప్రకటించిన జన్యుసవరణ వరి రకం పూసా డీఎస్‌టీ రైస్ 1 గురించి అడుగుతున్నా. కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010)లో డీఎస్‌టీ జన్యువును క్రిస్పర్‌ అనే జన్యు కత్తెరతో దెబ్బతీశారు. మామూలుగా అది పత్రరంధ్రాలు మూతపడకుండా అడ్డుకుంటుంది. అది లేకపోతే రంధ్రాల సంఖ్య తగ్గుతుంది, ఉన్నవీ త్వరగా మూసుకుంటాయి, ఆకులో నీరు నిలుస్తుంది. వరి వేరులో కణాల సందుల్లోంచి నీటితోపాటే కొంత సోడియం పైకి పోతుంది కాబట్టి, నీరు తక్కువ లాగే మొక్కకు ఉప్పూ తక్కువే ఎక్కుతుంది. ఒక్క సవరణకే రెండూ దక్కుతుంటే ఏళ్ల తరబడి బ్యాక్‌క్రాస్‌లు (సంకరాన్ని మళ్లీ మళ్లీ అసలు రకంతోనే కలపడం) దేనికండీ?

మార్కర్‌మాట:
ఆ ‘రెండూ’ దగ్గరే నాకు పేచీ. ఎంటీయూ 1010లో ఈ సవరణపై 2020లో వచ్చిన పరిశోధన చూపింది నారు దశలోనే: ఉప్పుకు బాగా తట్టుకుంది, బెట్ట లాంటి నీటి ఒత్తిడికి మాత్రం ఒక మోస్తరుగానే. నారులో తట్టుకున్న మొక్క పూతలో తట్టుకోవాలని లేదు, ఆ రెంటినీ నడిపే జన్యువులు చాలావరకు వేరు. కేరళ ఉప్పు నేలల వరి పొక్కలి నుంచి తెచ్చుకున్న, ఉప్పును తట్టుకునే జన్యుభాగం సాల్టాల్‌కూ ఇదే లోపం ఉంది, దాచను. కానీ అక్కడ ముఖ్యుడిగా భావించే హెచ్‌కేటీ 1;5 జన్యువు పని సూటిగా ఉంటుంది: వేరు నుంచి పైకెళ్లే నీటిలోని సోడియాన్ని మధ్యలోనే లాగేస్తుంది. ఆకు ఊపిరి బిగబట్టక్కర్లేదు. రంధ్రాలు మూస్తే ఆకు చల్లబడదు కూడా. పూత వేళ 35 డిగ్రీలు దాటితే తాలు ఎలా పెరుగుతుందో మీకు చెప్పాలా?

వేరుకొస:
మీరిద్దరూ ఆకు దగ్గరే ఆగిపోయారు. 2013లో డీఆర్ఓ1 జన్యువును కినందాంగ్ పటాంగ్ అనే మెట్ట వరి నుంచి పైవేర్ల ఐఆర్ 64 రకంలోకి తెస్తే వేరు నిటారుగా లోతుకు దిగింది, బెట్టలో దిగుబడి నిలిచింది. దానికి దగ్గరి బంధువైన జన్యువు క్యూఎస్ఓఆర్1. అది పని చేయకపోతే వేర్లు పైపొరలోనే పాకుతాయి. 2020లో ఉప్పు మడుల్లో దిగుబడి ఎక్కువిచ్చినవి ఈ పైవేర్ల మొక్కలే! నీరు నిలిచిన ఉప్పు నేల కింది పొరలో ఆక్సిజన్ కరువు, పైవేరు దాన్ని తప్పించుకుంటుంది. మెట్టకు లోతు వేరు, ఉప్పు మడికి పైవేరు. ఏ నేలకో తేల్చకుండా ‘రెంటికీ ఒకటే’ అంటే దేన్ని ఎంపిక చేస్తారు?

నారుమడి:
వేరు సంగతి ఒప్పుకున్నా. మరి బెట్టకు నగీనా 22 అనే వరి రకంలోని క్యూడీటీవై 1.1 జన్యుభాగం ఉందిగా, దాన్నీ సాల్టాల్‌నూ ఒకే మొక్కలో పేర్చలేమా?

మార్కర్‌మాట:
పేర్చొచ్చు, ఒళ్లు దగ్గర పెట్టుకుని. రెండూ ఒకటో క్రోమోజోము మీదే ఉన్నా సాల్టాల్ ఉన్నది 11–12 మిలియన్ బేసుల (డీఎన్ఏ అక్షరాల) దగ్గర, క్యూడీటీవై 1.1 ఎక్కడో 38 దగ్గర, సరిగ్గా పొట్టితనమిచ్చే ఎస్‌డీ1 జన్యువు పక్కన. గుడ్డిగా లాగితే పొడుగు కూడా వెంట వచ్చి పంట పడిపోతుంది. క్యూడీటీవై 1.1కూ ఎస్‌డీ1కూ మధ్య క్రాసింగ్ ఓవర్ (క్రోమోజోము ముక్కలు మారడం) జరిగిన మొక్క దొరికేదాకా వందల మొక్కలు మార్కర్లతో (డీఎన్ఏ గుర్తులతో) వెతకాలి. మూడో బ్యాక్‌క్రాస్‌కు సగటున 93.75 శాతం అసలు జన్యువులు వెనక్కొస్తాయి, కానీ ఆ మిగిలిన ముక్క ఎక్కడ ఉందన్నదే లెక్క.

వేరుకొస:
ఆపైన స్క్రీనింగులో తప్పుడు మార్కులు పడతాయి. నారు పెంచే యోషిడా పోషక ద్రావణంలో 14 రోజుల నారుకు ఈసీ (ఉప్పును చెప్పే విద్యుత్ వాహకత) ముందు 6, మూడు రోజులయ్యాక మీటరుకు 12 డెసీసీమెన్స్‌కు పెంచుతారు. పీహెచ్ రోజూ 5కు సరిచేయాలి. వదిలేస్తే పైకి పాకుతుంది, ఇనుము అడుగున చేరుతుంది, లేత ఆకు పసుపెక్కుతుంది, దాన్ని ఉప్పు దెబ్బగా రాసేస్తారు. ఉప్పు దెబ్బ ముదురాకుల కొసల నుంచి మొదలవుతుంది, అదే గుర్తు. పక్కన పోలికకు ఉప్పుకు లొంగే ఐఆర్ 29, తట్టుకునే ఎఫ్‌ఎల్ 478 లేని ట్రేను నేనైతే లెక్కలోకి తీసుకోను. బెట్ట మడిలోనూ అంతే. నాటిన 30 రోజులకు నీరు తీసేస్తే ముందు పూసే లైన్లు నేల ఎండకముందే గింజ కట్టేసుకుంటాయి. అది తప్పించుకోవడం, తట్టుకోవడం కాదు. విత్తే తేదీలు జరిపి అన్నీ ఒకేసారి పూసేలా చూడకపోతే ఆ దిగుబడి పట్టిక పూత తేదీల పట్టికే అవుతుంది.

నారుమడి:
సరే, డీఎస్‌టీ లైన్లను అలా పూత కలిపి, పూత దశలో ఉప్పు పెట్టి ఎంటీయూ 1010 పక్కనే చూడాలి. రంధ్రాలు తగ్గినందుకు వెన్ను ఎంత వేడెక్కుతోందో మధ్యాహ్నం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిస్తే మీ తాలు అనుమానం కూడా అక్కడే తేలుతుంది.