వైద్య బీమా కంపెనీల మధ్య పోటీ పెడితే రోగికి మేలు జరుగుతుందా?

లెక్కల మాస్టారు:

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానం ప్రకారం, కుటుంబానికి ఏటా రూ.2.5 లక్షల వరకు అయ్యే చికిత్స ఖర్చును బీమా కంపెనీ భరిస్తుంది. అంతకు మించి రూ.25 లక్షల వరకు ప్రభుత్వ సంస్థ అయిన ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తుంది. ఇది ప్రైవేటీకరణ అని చాలామంది అభ్యంతరం చెబుతున్నారు. నా అభ్యంతరం వేరు. ఇందులో పోటీ ఉండవలసినంత లేదు. టెండరులో తక్కువ ప్రీమియం కోట్ చేసిన కంపెనీకి పని దక్కుతుంది కాబట్టి, ఆ పోటీ ప్రభుత్వం ముందు ఒక్కసారి జరిగి ముగిసిపోతుంది. రోగి ముందు ఎన్నడూ జరగదు.

అందుచేత ఆ ప్రీమియం సొమ్మును కుటుంబం పేరిట వోచరుగా ఇచ్చి, నచ్చిన కంపెనీని ఎంచుకునే హక్కును, నచ్చకపోతే ఏడాది తిరిగేసరికి మార్చుకునే హక్కును కల్పించాలని నా ప్రతిపాదన. క్లెయిములు సరిగా చెల్లించని కంపెనీని జనమే వదిలేస్తారు. ప్రభుత్వం చెల్లించాల్సిన బకాయిల కోసం 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పథకాల కింద చికిత్స చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన తీరు చూశాక, నియమాలు పెట్టేవారూ డబ్బు చెల్లించేవారూ ఒక్కరే కావడం మంచిది కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

కృష్ణలంక వాసి:

మాస్టారూ, టెండరు రోజు పోటీ గురించి మీరు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే వోచరు చేతికి వచ్చినంత మాత్రాన రోగి కొనుగోలుదారు అయిపోతాడన్న మాటను నేను ఒప్పుకోలేను. ఎందుకో మా ఇంట్లో జరిగిన సంగతితోనే చెబుతాను.

మా అమ్మకు పిత్తాశయంలో రాళ్లు పడితే విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాము. పాలసీ రూ.5 లక్షలది, నేను డబ్బు కట్టి, నాలుగు కంపెనీలను పోల్చి చూసి మరీ తీసుకున్నది. గది అద్దె పరిమితి పాలసీ మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు రూ.5,000. చేర్చిన రోజు ఖాళీగా ఉన్నది రూ.8,000 గది అన్నారు, సరేనన్నాము. రోజుకు మూడు వేలు మేము వేసుకుంటే సరిపోతుందనుకున్నాను. బిల్లు రూ.1,60,000 అయింది. అందులో మందులు, పరీక్షల ఖర్చు రూ.40,000 పూర్తిగా చెల్లిస్తామని, మిగిలిన రూ.1,20,000లో ఎనిమిదింట ఐదు వంతులే, అంటే రూ.75,000 మాత్రమే చెల్లిస్తామని కంపెనీ కబురు పంపింది. గది అద్దె ఏ నిష్పత్తిలో పరిమితి దాటితే సర్జన్ ఫీజుకూ, ఆపరేషన్ థియేటర్ ఛార్జీకీ అదే నిష్పత్తిలో కోత పడుతుందన్న షరతు పాలసీ పత్రంలో ఉన్న మాట వాస్తవమే. డిశ్చార్జి కాగితాలు చేతికి రావాలంటే రూ.45,000 కట్టాలి. అమ్మ అప్పటికే చీర మార్చుకుని, చేతికి క్యాన్యులా తీసిన చోట దూది అదిమి పట్టుకుని కూర్చుని ఉంది. ఆ క్షణంలో నేను ఏ కంపెనీతో బేరమాడాలి?

వైద్యం మామూలు సరుకు కాదని, ఏ చికిత్స అవసరమో రోగికి తెలియదు గనుక వైద్యుడి మాటనే నమ్మాల్సి వస్తుందని కెనెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1963లోనే వివరించాడు. ఇందుకు మన దేశంలో గుండె స్టెంట్ల కథను మించిన ఉదాహరణ లేదు. ఎన్నో కంపెనీలు పోటీపడ్డాయి. కానీ అవి పోటీపడింది రోగికి తక్కువ ధరకు ఇవ్వడానికి కాదు, ఆసుపత్రికి ఎక్కువ మార్జిన్ ఇవ్వడానికి. చివరికి 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధర నిర్ణయించి, మందు పూత ఉన్న స్టెంటును రూ.29,600కు దించవలసి వచ్చింది.

ఇక మీ వోచరు విషయం. ఉద్దానంలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగి ఆ వోచరు పట్టుకుని వస్తే ఏ కంపెనీ ఎదురేగి స్వాగతం పలుకుతుంది? కాదనలేదు సరే, కానీ దగ్గర్లోని డయాలసిస్ కేంద్రాన్ని తన నెట్‌వర్క్ నుంచి తప్పిస్తే చాలు, ఆ రోగి వచ్చే ఏడాది తనంతట తానే వేరే కంపెనీకి వెళ్లిపోతాడు. ఆరోగ్యవంతులను ఏరుకోవడమే లాభానికి దగ్గరి దారి అయినప్పుడు, పోటీ పెరిగే కొద్దీ ఆ ఏరివేత కూడా పెరుగుతుంది.

డ్యూటీ డాక్టర్:

జిల్లా కేంద్రంలోని ఒక చిన్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ప్రభుత్వ ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతిలో ఆమోదం వచ్చినా డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆయుష్మాన్ భారత్ మార్గదర్శకాల్లో సొంత రాష్ట్రంలోని క్లెయిముకు పదిహేను రోజుల గడువు రాసి ఉంది. నెలలు గడిచాక నర్సుల జీతాలకు మా యాజమాన్యం అప్పు తేవడం నేను కళ్లారా చూశాను. బీమా కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం ముందుగానే కడుతుంది కనుక ఈ బాధ తగ్గవచ్చునన్న ఆశ మాకు లేకపోలేదు.

అయితే ముందస్తు అనుమతి నిరాకరించిన ప్రతి కేసూ కంపెనీకి మిగులే. ట్రస్టుకు ఆ లాభాపేక్ష లేదు, చేతిలో డబ్బూ లేదు. ఆసుపత్రులను అదుపు లేకుండా వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి: జాతీయ ఆరోగ్య బీమా పథకం కింద బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అవసరం లేకుండానే గర్భసంచులు తొలగించిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మా వృత్తికే తలవంపులు తెచ్చిన విషయమది.

లెక్కల మాస్టారు:

కృష్ణలంక వాసి గారు చెప్పిన ఏరివేతకు విరుగుడు లేకపోలేదు. స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి, నెదర్లాండ్స్‌లో 2006 నుంచి ప్రజలు ప్రైవేటు కంపెనీల వద్దే తప్పనిసరి బీమా తీసుకుంటున్నారు. కంపెనీ ఎవరినీ కాదనకూడదు. రోగులు ఎక్కువగా ఉన్న కంపెనీకి ఉమ్మడి నిధి నుంచి అదనపు సొమ్ము అందుతుంది. మరి మనం ఎందుకు చేయలేము?

కృష్ణలంక వాసి:

చేయవచ్చు మాస్టారూ, కానీ అక్కడ పోటీకి ముందే కట్టుదిట్టాలు చేశారు. ఏ చికిత్సలు తప్పక చెల్లించాలో చట్టం రాసింది, డయాలసిస్ రోగి చేరితే కంపెనీ నష్టపోని లెక్క సిద్ధం చేసింది. మనకు ఈ రంగాన్ని ప్రైవేటు కంపెనీలకు తెరిచింది 2000లో. పాత జబ్బులకు బీమా వర్తించకుండా నాలుగేళ్ల దాకా ఉన్న వెయిటింగ్ పీరియడ్‌ను మూడేళ్లకు తగ్గించింది, క్యాష్‌లెస్ అనుమతిపై గంటలో నిర్ణయం చెప్పాలన్నది 2024లో బీమా నియంత్రణ సంస్థ. ఇరవై నాలుగేళ్ల పోటీ ఆ పని చేయలేదు.

డాక్టరు గారి బాధకు నా దగ్గర ఒక్కటే సూచన ఉంది. చెల్లించేది ట్రస్టు అయినా కంపెనీ అయినా, డబ్బు ముందుగానే విడి ఖాతాలో ఉండాలి, గడువు దాటితే వడ్డీతో సహా ఆసుపత్రికి దానంతటదే జమ కావాలి. మీ వోచరుకు నేను అడ్డు చెప్పకుండా ఉండాలంటే మాత్రం ధరల పట్టిక ముందు రావాలి. ఏ గదికి ఎంత, ఆ గది తీసుకుంటే నా పాలసీ ఆపరేషన్ బిల్లులో ఎంత చెల్లిస్తుంది అన్నది రోగిని చేర్చుకునే కౌంటర్ దగ్గరే, తెలుగులో, కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఆ రోజు ఆ కాగితం నా చేతిలో ఉంటే రూ.5,000 గది ఖాళీ అయ్యేదాకా మరో రోజు ఆగేవాళ్లం. ఆపరేషన్‌కు తొందరేమీ లేదని సర్జన్ గారే చెప్పారు.