కొత్త పిస్టల్ డబ్బాలో ఖాళీ కేసింగులు వచ్చాయి, దాచాలా పారేయాలా?

ప్రశ్న:
నమస్తే అండీ. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. గ్రీన్ కార్డ్ చేతికొచ్చాక పోయిన వారమే మొదటిసారి 9 ఎంఎం పిస్టల్ కొన్నాను. డబ్బాలో అగ్గిపెట్టెంత గోధుమరంగు కవరు ఒకటి ఉంది, పైన గన్ సీరియల్ నంబరు, ఒక తేదీ, ఎవరిదో పొడి సంతకం. లోపల పేల్చేసిన రెండు ఇత్తడి కేసింగులు, అంటే తూటా పేలాక మిగిలే ఖాళీ గొట్టాలు. షాపువాడేమో ఫ్యాక్టరీలో టెస్ట్ చేసినవి, ఉంచుకోండి అన్నాడు. మా ఆవిడకి మాత్రం ఒకటే టెన్షన్, ఇవి ఎవరి చేతిలోనైనా పడితే మన మెడకు చుట్టుకుంటుందని. పోలీసులకు ఇవ్వాలా? పారేస్తే తప్పా?

జవాబు:
టెక్సస్‌లో ఇవ్వక్కర్లేదు, దాచమనే చట్టమూ లేదు. అవి అసలు మీకోసం పెట్టినవి కావు. మేరీల్యాండ్‌లో 2000 అక్టోబరు నుంచి ఒక రూల్ ఉండేది, కొత్త హ్యాండ్‌గన్ అమ్మితే దాంతో పేల్చిన కేసింగ్ ఒకటి స్టేట్ పోలీసులకు చేరాలి. న్యూయార్క్‌లోనూ 2001లో అలాంటిదే మొదలైంది. ఏ డబ్బా ఏ రాష్ట్రానికి పోతుందో ముందే ఎలా తెలుస్తుంది, అందుకని కొన్ని కంపెనీలు అన్నింట్లోనూ ఒక కవరు పడేయడం మొదలుపెట్టాయి.

ఆలోచన మంచిదే. కేసింగ్ అడుగువైపు తిప్పి చూడండి, మధ్యలో గుండ్రటి ప్రైమర్ (లోపలి మందును అంటించే బిళ్ల) మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గుంట ఉంటుంది, దాని చుట్టూ సన్నటి గీతలు కూడా కనిపిస్తాయి. ఆ గుర్తుల్ని బట్టి ఏ గన్నో చెప్పొచ్చని లెక్క. కానీ వాడేకొద్దీ పిన్ అరుగుతుంది, మార్చేయొచ్చు కూడా, రివాల్వరైతే కేసింగ్ బయటికే పడదు. మేరీల్యాండ్‌లో 3 లక్షలకు పైగా కవర్లు పోగుపడ్డాయి, 50 లక్షల డాలర్ల దాకా ఖర్చయింది, ఒరిగింది మాత్రం దాదాపు ఏమీ లేదు. న్యూయార్క్ 2012లో ఆపేసింది, మేరీల్యాండ్ 2015లో ఎత్తేసింది. కవర్లు మాత్రం అలవాటు కొద్దీ ఇంకా కొన్ని డబ్బాల్లో వస్తూనే ఉన్నాయి. నన్నడిగితే పారేయండి.

ఇంకొకరు:
పారేయమని నేను చెప్పను. రేపు అమ్మేటప్పుడు డబ్బా, కవరు అన్నీ ఉంటే కొనేవాడికి అదో తృప్తి. డబ్బాలోనే పడి ఉంటుంది, తిండి పెట్టాలా ఏమన్నానా?

అడిగినవారు:
సరే, పారేస్తే చెత్తలోంచి ఎవడో ఏరి ఎక్కడైనా నేరం జరిగినచోట పడేస్తే? ఇది మా ఆవిడ డౌటు, నాది కాదు.

జవాబు:
అలాగైతే మీరు షూటింగ్ రేంజ్‌కి వెళ్లినప్పుడల్లా యాభై వదిలేసి వస్తారుగా, పడేసేవాడికి ఈ రెండే కావాలా? కేసింగుల మీది గుర్తుల్ని పోల్చి చూసే పోలీసుల నిబిన్ సిస్టంలో ఉండేవి ఎక్కువగా నేరస్థలాల్లో దొరికినవీ పట్టుబడిన గన్స్‌తో పేల్చినవీ, షాపులో కొన్న ప్రతి గన్ వివరం అందులో ఉండదు. మనసు ఒప్పకపోతే రేంజ్‌లో బ్రాస్ వేసే బకెట్ ఉంటుంది, అందులో వేయండి, ఎవరో మళ్లీ మందు నింపి తూటా చేసుకోడానికి వాడుకుంటారు.

మరొకరు:
మీరంతా అసలు సంగతి వదిలేశారు. ఇంట్లో ఉంచారా పారేశారా అన్నది కాదు, అవి బ్యాగులో చేరి ప్రయాణం చేయకూడదు. వాషింగ్టన్ డీసీ చట్టంలో అమ్యూనిషన్ అంటే కేసింగ్ కూడా కలుస్తుంది. ఇండియా అయితే మరీ. ఇక్కడ ఎయిర్‌పోర్టులో ఎవరూ పట్టించుకోకపోవచ్చు, అక్కడ స్కానర్‌లో ఖాళీ తూటా కనబడినా ఆర్మ్స్ యాక్ట్ 1959 కింద కేసు పెట్టిన సందర్భాలున్నాయి. తెలియకుండా ఉండిపోయిందని కోర్టులో తేల్చుకోవచ్చు, చాలా కేసులు అలాగే కొట్టేశారు కూడా, కానీ ఈలోపు ఫ్లైటూ పోతుంది, సెలవులూ పోతాయి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకూ ఒక మాట, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా గన్నే కాదు, తూటాలు దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. ఫ్రెండు గన్ కదా అని కొన్నాళ్లు మీ ఇంట్లో పెట్టించుకోకండి.

అడిగినవారు:
థాంక్సండీ. కవరు డబ్బాలోనే పెట్టి సేఫ్‌లో పడేశాను. సంక్రాంతికి గుంటూరు వెళ్తున్నాం, రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాకే తీసుకెళ్దామనుకున్నా. మీరు చెప్పాక తిరగేసి దులిపితే సైడ్ జేబులోంచి ఒక కేసింగ్ టంగుమని కిందపడింది. ఫ్యాక్టరీది కాదు, రేంజ్‌లో ఎగిరి పడ్డదే. మా ఆవిడ ఆ బ్యాగు ఇక ఇండియాకు రాదని తేల్చేసింది.